వుడ్ బ్యాడ్జ్

స్కౌటు దళాలను నడిపే పెద్దలకిచ్చే ఉన్నత శిక్షణ, అది పూర్తిచేసినవారు ధరించే చిహ్నం. దీని తొలి శిబిరం 1919 సెప్టెంబరులో లండన్ సమీపంలోని గిల్‌వెల్ పార్కులో ఫ్రాన్సిస్ గిడ్నీ సారథ్యంలో జరిగింది. ఆ స్థలం కొనడానికి డబ్బిచ్చినవాడు డబ్ల్యు.డి.బి. మెక్లారెన్. ఆయన వంశపు గళ్ల గుడ్డముక్క నేటికీ గిల్‌వెల్ మెడగుడ్డ (స్కార్ఫ్) మీద కనిపిస్తుంది.

చిహ్నం తోలుతాడుకు గుచ్చిన రెండు కొయ్యపూసలు. మొదటి పూసలు జులూ నాయకుడు దీనూజులూదని చెప్పే హారంలోనివి. ఆ హారం స్కౌటు ఉద్యమ స్థాపకుడు బేడెన్ పవెల్ చేతికెలా చిక్కిందన్న దానిపై భిన్నకథనాలున్నాయి. శిక్షకులు మూడు లేదా నాలుగు పూసలు ధరిస్తారు.

శిక్షణలో ఉపన్యాసాలకన్నా అనుభవానిదే పెద్దపీట. హెడ్మాస్టరైనా సరే పెట్రోల్ అనే చిన్న జట్టులో ఒకడిగా చేరి గుడారం వేయాలి, వంతు ప్రకారం వంట చేయాలి, నాయకుడి మాట వినాలి. పిల్లలకు బాధ్యత అప్పగించి తాను పక్కకు తప్పుకోవడమే స్కౌటుమాస్టరుకు తేలిగ్గా అలవడని విద్య, పద్ధతంతా దానికోసమే. శిబిరంతోనే పూసలు రావు. నేర్చినదాన్ని సొంత దళంలో ఆచరించి చూపాలి.

భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్‌లో ఇది హిమాలయన్ వుడ్ బ్యాడ్జ్. బేసిక్, అడ్వాన్స్‌డ్ కోర్సుల తర్వాతే దీనికి అర్హత. జాతీయ శిక్షణ కేంద్రం మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో ఉంది. తెలుగు రాష్ట్రాల్లో స్కౌటు దళాలను నడిపే బాధ్యత ఎక్కువగా బడిపంతుళ్లదే. బోధన పనికి తోడు ఇదీ మోసేవారికి శిక్షణతోపాటు, తర్వాత దళాన్ని చూసి సలహా చెప్పే స్కౌటు కమిషనర్ల తోడ్పాటూ అవసరం.