ఫుల్లరీన్లు: కర్బనం ఇచ్చిన మూడో రూపం

ఫుల్లరీన్లు పూర్తిగా కర్బన పరమాణువులతోనే ఏర్పడే బోలు అణువులు. వజ్రం, గ్రాఫైట్‌ల లాగే ఇవీ కర్బనం రూపాంతరాలు. వజ్రంలో ఒక్కో పరమాణువు చుట్టూ ఉన్న నాలుగింటితో బంధం పెట్టుకుంటుంది. దాని కాఠిన్యానికి కారణం అదే. గ్రాఫైట్‌లో మూడింటితోనే. అందువల్ల ఏర్పడే షడ్భుజుల పొరలు ఒకదానిపై ఒకటి సులువుగా జారతాయి. పెన్సిల్‌తో గీత పడేది అందుకే.

1985 సెప్టెంబరులో అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్మాలీ, రాబర్ట్ కర్ల్, బ్రిటన్ నుంచి వచ్చిన హెరాల్డ్ క్రోటో హీలియం వాయువులో గ్రాఫైట్‌ను లేజర్‌తో ఆవిరి చేశారు. క్రోటో వెతికింది నక్షత్రాల పరిసరాల్లో ఏర్పడే పొడవాటి కర్బన గొలుసుల కోసం. దొరికింది వేరు. సరిగ్గా 60 పరమాణువులున్న అణువు మిగతా వాటికన్నా చాలా ఎక్కువగా కనిపించింది. అంచులే లేకుండా అన్ని బంధాలూ తీరాలంటే అది బంతిలా మూసుకుని ఉండాలి: 12 పంచభుజులు, 20 షడ్భుజులు, అచ్చం పాతకాలపు ఫుట్‌బాల్ కుట్టు. ఇలాంటి గుమ్మటాలు కట్టిన వాస్తుశిల్పి బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ పేరే దానికి పెట్టారు.

నిజానికి ఈ ఆకారాన్ని జపాన్ రసాయన శాస్త్రవేత్త ఎయిజీ ఒసావా 1970లోనే ఊహించారు. జపనీస్‌లో రాయడంతో అది బయటి ప్రపంచం కంటపడలేదు.

రైస్ బృందం చెప్పింది కూడా అప్పటికి ఊహే. చేతికి చిక్కిన పదార్థం లేదు, బంతి ఆకారానికి నేరుగా రుజువు లేదు. ఆ కొరత తీరడానికి ఐదేళ్లు పట్టింది. 1990లో వోల్ఫ్‌గాంగ్ క్రెచ్‌మర్, డొనాల్డ్ హఫ్‌మన్ బృందం హీలియంలో గ్రాఫైట్ కడ్డీలను విద్యుత్తుతో వేడిచేసి, వచ్చిన మసిని బెంజీన్‌లో కలిపితే ఎర్రటి ద్రావణం తయారైంది. ఖరీదైన లేజర్ అవసరమే లేదు! ఆ వెంటనే ససెక్స్‌లో క్రోటో బృందం తీసిన ఎన్‌ఎంఆర్ వర్ణపటంలో ఒకే ఒక్క గీత కనిపించింది. 60 పరమాణువుల స్థానాలూ సమానమేనని, అంటే అది బంతేనని తేలింది.

1996 రసాయన నోబెల్ ముగ్గురికే దక్కింది. రాత్రింబవళ్లు యంత్రం దగ్గర పనిచేసిన పరిశోధక విద్యార్థులు జేమ్స్ హీత్, షాన్ ఒబ్రయన్‌లకు అందులో చోటు లేదు.

మొదట్లో ఫుల్లరీన్ల మీద పెట్టుకున్న ఆశలన్నీ ఫలించలేదు. సేంద్రియ సౌరఘటాల్లో ఎలక్ట్రాన్లను అందుకునే పదార్థాలుగా మాత్రం వాటి ఉత్పన్నాలు బాగా ఉపయోగపడ్డాయి. 1991లో సుమియో ఇజిమా కర్బన నానోగొట్టాలను వర్ణించాక, 2004లో మాంచెస్టర్‌లో గ్రాఫైట్ నుంచి ఒకే పొర గ్రాఫీన్‌ను టేపుతో ఊడదీశాక, పరిశోధకుల చూపు చాలావరకు అటు మళ్లింది.

2010లో స్పిట్జర్ అంతరిక్ష దూరదర్శిని సేకరించిన సమాచారంలో, ఆయువు తీరుతున్న ఒక నక్షత్రం వెదజల్లిన ధూళి వాయువుల మధ్య, 60 పరమాణువుల ఫుల్లరీన్ జాడలు బయటపడ్డాయి.