మీసాల మారియో

మొన్న క్రాంజీలో మా ఇంట్లో, ఊరి నుంచి వచ్చిన మా అమ్మ, మనవడు స్విచ్‌లో పాత మారియో ఆడుతుంటే చూసి, "వీడికి మీసాలెందుకురా?" అంది. వాడి తెలుగు అంతంత మాత్రం. జవాబు నేనే చెప్పాను.

1980 నాటి రాడార్ స్కోప్ అనే ఆట మిషన్లు అమెరికాలో సుమారు 2,000 అమ్ముడుపోక నింటెండో గోదాములో మిగిలిపోయాయి. వాటినే మార్చి కొత్త ఆట చెయ్యమని షిగెరు మియమోటోకి అప్పగించారు. పొపాయ్‌ని పెడదామంటే హక్కులు దొరకలేదు. అలా 1981లో డాంకీ కాంగ్ వచ్చింది. అందులో గెంతే వడ్రంగే మారియో, ప్లంబరయింది 1983లో. తెరమీద చుక్కలు తక్కువ కాబట్టి నోటికి బదులు మీసం, జుట్టుకి బదులు టోపీ. పేరు ఆ గోదాము యజమాని మారియో సెగాలిది. అద్దె ఇచ్చి పేరు కూడా తీసుకున్నారన్నమాట!

1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ 4 కోట్లకు పైగా అమ్ముడైంది. 1991లో పోటీకి దిగిన సెగా వారి సోనిక్ కూడా చివరికి నింటెండో మిషన్లలోకే వచ్చి చేరాడు. మారియో నిలబడడానికి కారణం మొదటి తెరే అని నా అభిప్రాయం. చదవాల్సిందేమీ లేదు. పుట్టగొడుగు లాంటి శత్రువు ఎదురొస్తుంది, తగిలితే చస్తాం, రెండోసారి గెంతుతాం.

అమ్మ మూడుసార్లు చచ్చింది. "గెంతు నానమ్మా, గెంతు!" అని వీడు తెలుగులోనే అరిచాడు.