సౌరచాంద్రమానములు: తమిళుల పర్వదినములు, మన యిండ్ల ఆచారములు



ఈ వార్షిక మహాసభా సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయవలసినదని సంఘమువారు కోరగా, ఉప్పల్, నాచారము ప్రాంతములందలి మన బంధువుల యిండ్లలో ఏటేట పుట్టుచున్న యొక సందేహమునే విషయముగా గైకొంటిమి. మనవారిలో తరతరములుగా తెలంగాణమున నివసించు కుటుంబములు కలవు. తమిళదేశము నుండి వచ్చి యిచ్చట స్థిరపడిన కుటుంబములును కలవు. ఉభయులకును వియ్యములు కలిసి చాలకాలమైనది. అత్తవారింట కార్తిక పూర్ణిమకు దీపములు వెలిగించిన కోడలు, కొన్ని యేండ్ల పుట్టినింటి మర్యాద చొప్పున నెలనాళ్లకు మరల దీపములు వెలిగించుచున్నది. పిల్లలు "ఇందులో నిజమైన దినమేది?" అని యడుగుచున్నారు. రెండును నిజమైనవే యనియు, భేదమునకు కారణమిది యనియు చెప్పుట పెద్దలమైన మన విధి.

ఈ ప్రాంతమునకు తమిళుల రాక క్రొత్తది కాదు. 1806 లో వెలసిన సికిందరాబాదు దండును ఆశ్రయించి మదరాసు వైపువారు పెక్కుమంది వచ్చిరి. తరువాత రైల్వేలు రప్పించినవి. 1961 లో ఉప్పల్ మార్గమున జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ యేర్పడెను. 1966 లో సికిందరాబాదు కేంద్రముగా దక్షిణ మధ్య రైల్వే వెలసెను. నాచారమున పరిశ్రమలు పెరిగెను. ఉద్యోగమునకై వచ్చినవారు సామానుతోపాటు తమ పంచాంగమును గూడ తెచ్చుకొనిరి. పలు కాలగణనములు ఒక్కచోట సాగుట ఈ నగరమునకు అలవాటే. నిజాము ప్రభుత్వమున రెవెన్యూ లెక్కలు ఫసలీ సంవత్సరమున నడిచెడివి. ముసల్మానుల పర్వములు హిజ్రీ మాసములను బట్టి వచ్చెడివి. దండులో ఇంగ్లీషు తేదీ చెల్లెడిది. మన పురోహితులు సంకల్పమున శాలివాహన శకమును చెప్పెడివారు. ఎవరి లెక్క వారికి చెల్లినది; ఒకరి లెక్క తప్పని వేఱొకరు కలహింపలేదు.

ఇక ప్రకృతమునకు వత్తము. సూర్యుడు మేషాది ద్వాదశ రాశులలో ఒక్కొక్క రాశియందు సంచరించు కాలము సౌరమాసము. తమిళులు దీనిని గ్రహించి చిత్తిరై, వైకాశి, ఆని, ఆడి, ఆవణి, పురట్టాసి, ఐప్పసి, కార్తిగై, మార్గళి, తై, మాసి, పంగుని యని పండ్రెండు మాసములు లెక్కింతురు. సూర్యుని గమనము సమానము కానందున ఈ మాసములకు 29 మొదలు 32 వఱకు దినములుండును. పేరులు వేఱుగా తోచినను సంస్కృతము నెఱిగినవారికి ఇవి పరాయివి కావు. ఆవణి శ్రావణమే, మాసి మాఘమే, పంగుని ఫాల్గునమే, పురట్టాసి యనునది ప్రోష్ఠపదము, అనగా మన భాద్రపదము, తై యనునది తిష్యము, అనగా పుష్యము. పూర్ణిమనాటి నక్షత్రమును బట్టి కలిగిన పేరులనే ఉభయులును వాడుచున్నారు.

మనమన్ననో అమావాస్యతో ముగియు చాంద్రమాసమును గ్రహింతుము. పండ్రెండు చాంద్రమాసములకు సుమారు 354 దినములు. సౌరవత్సరమునకు 365 దినములకు కొంచెము పైన. ఏటికి వచ్చు 11 దినముల లోటును పూరించుటకు, సంక్రమణము లేని చాంద్రమాసము సుమారు 32, 33 నెలల కొకమారు తటస్థించినపుడు దానిని అధికమాసముగా నెంచుదుము. తమిళుల మాసగణనమున ఇట్టి అదనపు మాసము లేదు. భేదమునకెల్ల మూలమిదియే. సంవత్సరముల పేరులు అఱువదియు ఉభయులకు నొకటే. 2024 లో క్రోధి నామ సంవత్సరము మనకు ఏప్రిల్ 9 న ఉగాదితోను, వారికి ఏప్రిల్ 14 న చిత్తిరై మొదటి దినముతోను ప్రారంభమయ్యెను.

తమిళుల పర్వములలో కొన్ని సౌరమాసమును, నక్షత్రమును కలిపి నిర్ణయింపబడును. తై మాసమున పుష్యమి తైప్పూసము; పంగుని మాసమున ఉత్తరఫల్గుని పంగుని ఉత్తిరము; కార్తిగై మాసమున కృత్తిక తిరువణ్ణామలై మహాదీపము. మనకు కార్తిక పూర్ణిమ తిథిని బట్టి వచ్చును. 2023 లో మహాదీపము నవంబరు 26 న వెలిగెను. మన పూర్ణిమయు 26, 27 తేదీలలోనే వచ్చినది. మఱుసటి యేట మన పూర్ణిమ నవంబరు 15 న రాగా, సూర్యుడు వృశ్చికమున ప్రవేశించినది 16 న. అనగా ఆ పూర్ణిమ తమిళులకు ఐప్పసిలోనిదే. కావున వారి దీపము డిసెంబరు 13 న వెలిగెను. కోడలు నెలనాళ్లకు మరల దీపములు పెట్టుటలోని రహస్యమింతియే.

మఱికొన్ని పర్వములు ఉభయులకును తిథినిబట్టియే వచ్చును గాని సంప్రదాయము వేఱు. దీపావళి యమావాస్య దాటిన షష్ఠినాడు తమిళులు స్కందషష్ఠిని జరిపి, తిరుచ్చెందూరున శూరసంహారోత్సవమును సేవింతురు. మనము మార్గశిర శుద్ధ షష్ఠిని సుబ్రహ్మణ్యషష్ఠి యందుము. 2024 లో అది నవంబరు 7 నను, ఇది డిసెంబరు 7 నను వచ్చెను. స్వామి యొక్కడే, తిథి యొక్కటే, మాసము మాత్రము వేఱు.

అయినను రెండు మానములకు నడుమ గోడ యున్నదని తలపరాదు. చాంద్రమానులమైన మనము సంక్రాంతిని సూర్యునిబట్టియే చేయుచున్నాము. ముక్కోటి యేకాదశి ధనుర్మాసములోని శుద్ధ యేకాదశి. మాసము సౌరము, తిథి చాంద్రము. అందువలననే 2025 లో జనవరి 10 న నొకమారు, డిసెంబరు 30 న నొకమారు వచ్చెను. తమిళులును అట్లే. వారి యజుర్వేదుల ఉపాకర్మకు ఆవణి అవిట్టమని సౌరమాసపు పేరున్నను, 2020 లో శ్రావణ పూర్ణిమను బట్టి ఆగస్టు 3 న, ఆడి మాసము నడుచుచుండగనే, జరిగెను. మనము సూర్యుని విడువలేదు. వారు చంద్రుని విడువలేదు.

ఉపవాసముల విషయమున ఐకమత్యము మఱింత కానవచ్చును. ఏకాదశి, ప్రదోషము, సంకటహర చతుర్థి తిథిని బట్టి వచ్చునవి గనుక ఇరుగుపొరుగువారికి సాధారణముగ నొక్కదినమే. వారవ్రతములలో మాసపు టెల్లలు మాత్రమే మాఱును. తమిళులు పురట్టాసి శనివారములందు వేంకటేశ్వరునికై ఉపవసింతురు. మనలో పలువురు శ్రావణ శనివారములందు. కొన్ని యేండ్ల ఏకాదశి సైతము రెండు దినములని చెప్పబడుటకు వేఱొక హేతువు కలదు. తమిళదేశమున వాక్యపంచాంగము, తిరుగణిత పంచాంగము అని రెండు కలవు. మొదటిది వరరుచికృతములని చెప్పబడు 248 చంద్రవాక్యముల వంటి ప్రాచీన గణితమును ఆశ్రయించినది. రెండవది ఆకాశమున కానవచ్చు గ్రహస్థితికి సరిపోవు దృగ్గణితమును. తిథి ముగియు వేళ కొన్ని ఘడియలు భేదించినచో వ్రతదినము మాఱవచ్చును. ఇది మన తెలుగు పంచాంగములకును తప్పని చిక్కే.

పండుగ ఒకనాడు తప్పినను ఇంకొకనాడు చేసికొనవచ్చును. పితృకార్యము అట్టిది కాదు. ఉదాహరణమునకు, 2022 ఆగస్టు 2 న, శ్రావణ శుద్ధ పంచమి నాగపంచమినాడు, ఒక గృహస్థు స్వర్గస్థుడైనాడనుకొందము. తమిళ గణనమున అది ఆడి మాసపు శుక్లపంచమి. మఱుసటి యేడు శ్రావణము అధికమాసముతో గూడి వచ్చినది. చాంద్రమానమున ఆయన తిథి నిజశ్రావణమున, 2023 ఆగస్టు 21 న. సౌరమానమున ఆడి మాసపు శుక్లపంచమి జూలై 22 ననే వచ్చినది. ఇంగ్లీషు తేదీయే తెలిసిన కొడుకు ఆగస్టు 2 ను పట్టుకొన్నచో ఆనాడు బహుళ పాడ్యమి! రెండు సంప్రదాయములలో దేనికిని చెందని దినమున పిండప్రదానము జరుగును. తండ్రి మరణపత్రము జాగ్రత్తగా దాచుకొన్నవారే తండ్రి తిథిని మఱచిపోవుట మేము మన పేటలలో చూచుచున్నాము. తల్లి జీవించియున్నంతవఱకు ఆమె చెప్పును, తరువాత చెప్పువారుండరు.

దేశమంతటికి నొక్క పంచాంగము కూర్చుటకై 1952 లో మేఘనాద సాహా అధ్యక్షతను సంఘమొకటి యేర్పడి, 1955 లో తన నివేదిక నొసంగెను. 1957 మార్చి 22 నుండి జాతీయ పంచాంగము అమలులోనికి వచ్చెను. ప్రభుత్వ పత్రములకు అది చెల్లినది గాని, ఇంటి పీటమీద ఇంటి ఆచారమే నిలిచినది. అట్లు నిలుచుట మంచిదే.

కావున మా మనవి రెండు మాటలు. ప్రతి గృహస్థుడును తన పెద్దల నిర్యాణ దినమును సంవత్సర నామము, చాంద్రమాసము, సౌరమాసము, పక్షము, తిథి, నక్షత్రము, వేళ సహితముగ ఒక పుస్తకమున వ్రాసి, తమ యింట పాటించు మానమేదో స్పష్టపఱచి పిల్లలకు చూపవలెను. మన సంఘము ఉగాదికి అచ్చొత్తించు పట్టికలో తమిళ మాసపు తేదీని గూడ నొక వరుసలో చేర్చవలెను. దాతలు అందుకగు స్వల్పవ్యయమును భరింతురుగాక. కోడలు వెలిగించు రెండవ దీపము కూడ మన యింటి దీపమే.

సర్వే జనాః సుఖినో భవంతు.