స్కెచ్ నిర్బంధాల తనిఖీ

క్యాడ్ సాఫ్ట్‌వేర్లలో ఒక వస్తువు నమూనాకు ఆధారంగా గీసుకునే సమతల చిత్రాన్ని స్కెచ్ అంటారు. అందులోని రేఖలు, వృత్తాల స్థానాన్ని, కొలతలను, పరస్పర సంబంధాలను నిర్ణయించే నియమాలను నిర్బంధాలు అంటారు. ఇవి తగినన్ని ఉన్నాయా, మితిమీరాయా, రూపకర్త ఉద్దేశానికి సరిపోతున్నాయా అని చూడడమే ఈ తనిఖీ. 1963లో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి ఇవాన్ సదర్లాండ్ సమర్పించిన సిద్ధాంత గ్రంథంలోని స్కెచ్‌ప్యాడ్‌లోనే ఇటువంటి నిర్బంధాలు ఉన్నాయి.

స్వేచ్ఛా సంఖ్య

ఒక ఆకృతి ఎన్ని విధాలుగా మారగలదో తెలిపేది స్వేచ్ఛా సంఖ్య. సమతలంలో బిందువుకు ఇది 2, రేఖాఖండానికి 4, వృత్తానికి 3. నిర్బంధాలు ఈ సంఖ్యను తగ్గిస్తాయి.

ఉదాహరణకు, దీర్ఘచతురస్రంలోని నాలుగు రేఖాఖండాలకు మొత్తం 16. నాలుగు మూలల వద్ద చివరలను కలిపితే 8 తగ్గుతాయి. రెండు రేఖలను అడ్డంగా, రెండింటిని నిలువుగా నిర్దేశిస్తే 4, పొడవు, వెడల్పు ఇస్తే 2, ఒక శీర్షాన్ని నిరూపకాక్షాల మూలబిందువు వద్ద స్థిరపరిస్తే 2 తగ్గి, చివరకు సున్న మిగులుతుంది. అప్పుడు స్కెచ్ పూర్తిగా నిర్బంధితమైనట్లు.

అయితే కేవలం లెక్క చాలదు. పై ఉదాహరణలో వెడల్పుకు బదులు ఎదుటి భుజం పొడవును ఇచ్చినా కూడికలో సున్నయే వస్తుంది. కాని ఆ కొలత కొత్తగా నిర్ణయించేది ఏమీ లేదు. వెడల్పు అనిశ్చితంగానే ఉంటుంది. ఆ రెండు పొడవులకు వేర్వేరు విలువలు ఇస్తే నిర్బంధాలు పరస్పర విరుద్ధమవుతాయి.

తనిఖీ విధానం

* రంగు: సాధారణ అమరికలో ఫ్రీక్యాడ్‌లో పూర్తిగా నిర్బంధితమైన స్కెచ్ ఆకుపచ్చగా మారుతుంది. సాలిడ్‌వర్క్స్‌లో నిర్బంధాలు చాలని రేఖలు నీలంగా, పూర్తిగా నిర్ణయమైనవి నల్లగా కనిపిస్తాయి.
* లాగి చూడడం: బిందువులను, రేఖలను మౌస్‌తో లాగినప్పుడు కదిలిన చోట నిర్బంధం లోపించిందని గ్రహించాలి.
* కొలత మార్చడం: ఒక్కొక్క కొలతను మార్చి, ఆకృతి ఆశించిన విధంగా మారుతున్నదో లేదో చూడాలి.

చివరి పరీక్ష అన్నిటికంటే ముఖ్యమైనది. 100 మిల్లీమీటర్ల పొడవైన పలక నడుమ రంధ్రం ఉండాలనుకుందాం. దానిని ఎడమ అంచు నుండి 50 మిల్లీమీటర్ల దూరంలో నిర్దేశించినా స్కెచ్ పూర్తిగా నిర్బంధితమే. కాని పలకను కుడివైపుకు 120 మిల్లీమీటర్లకు పెంచితే రంధ్రం అక్కడే ఉండిపోయి, నడిమి నుండి 10 మిల్లీమీటర్లు తప్పుతుంది. అదే రెండు అంచులకూ సౌష్ఠవంగా ఉండాలని నిర్దేశిస్తే ఎప్పుడూ మధ్యలోనే నిలుస్తుంది. ఈ తేడాను రంగు చూపదు. గమనించకపోతే ఆ నమూనాను బట్టి తయారైన పలక బిగింపుకు పనికిరాకుండా పోవచ్చు.