మూడు ఊళ్లు, మన జబాన్

తహజీబ్ అంటే ఏమిటని ఆలిమ్‌ని అడిగితే కితాబ్ తీస్తాడు. మదనపల్లె టమాటా మండీలో హమాలీని అడిగితే నవ్వేసి పనిలో పడతాడు. కానీ పొద్దున లోపే అతను తెలుగులో బేరమాడి, తమిళ వ్యాపారికి తమిళంలో జవాబిచ్చి, ఇంటికి ఫోన్ చేసి దక్కనీలో మాట్లాడతాడు. నా ఖయాల్‌లో తహజీబ్‌కు అంతకన్నా మంచి తఫ్సీర్ లేదు.

ఇది నిన్నామొన్న వచ్చిన ఆదత్ కాదు. మదనపల్లె దగ్గరి గుర్రంకొండ కోట తారీఖే చూడండి. కడప నవాబులు, మైసూరు హైదర్ అలీ, టిపూ సుల్తాన్, ఆ తర్వాత నిజాం, 1800లో ఈస్టిండియా కంపెనీ. హుకూమత్ మారినప్పుడల్లా సిపాయీలు, మున్షీలు, వ్యాపారులు వచ్చారు, కొందరు ఇక్కడే ఉండిపోయారు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. సర్కారు గీత మారినా సంత మారలేదు, మాటా మారలేదు.

మాటల్లోనే అసలు సబూత్ ఉంది. పుంగనూరు రైతు "జిల్లా కచేరీలో వకీలు దస్తావేజు చూశాడు, ఖర్చు బాకీ ఉంది" అంటే, అందులో అరబ్బీ, ఫార్సీల నుంచి వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి. ఆ "రైతు" అన్న మాట కూడా "రఈయత్" నుంచి వచ్చిందే. అటువైపూ అంతే. అచ్చతెలుగులో తొలి కావ్యమని పేరున్న "యయాతి చరిత్రము"ను పొన్నికంటి తెలగన్న అంకితమిచ్చింది కుతుబ్‌షాహీల కాలపు అమీన్‌ఖాన్‌కు.

అయినా మన ఇళ్లలో ఒక బాధ ఉంది. "నక్కో, హౌ" అన్న పిల్లాణ్ని "అది టూటీఫూటీ ఉర్దూ" అని కొందరు వెక్కిరిస్తారు. పిల్లాడు సిగ్గుపడి నోరు మూసుకుంటాడు, తర్వాత తన పిల్లలకు నేర్పడు. 1591లో హైదరాబాద్‌కు పునాది వేసిన మొహమ్మద్ కులీ కుతుబ్‌షా షాయరీ చెప్పింది ఈ దక్కనీలోనే. వలీ దక్కనీ గజళ్లు చేరాకే ఢిల్లీ ఫార్సీ షాయర్లలో చాలామందికి ఈ జబాన్‌లో రాయాలన్న షౌక్ పుట్టింది. టూటీఫూటీ ఎలా అవుతుంది? అది ఉర్దూకు పెద్దక్క.

మదనపల్లెకు ఇంకో కిస్సా ఉంది. 1919 ఫిబ్రవరిలో టాగూర్ బీసెంట్ థియొసాఫికల్ కాలేజీలో ఉండి, బెంగాలీ "జన గణ మన"ను ఇంగ్లీషులోకి తర్జుమా చేశారు. ఐర్లండ్ నుంచి వచ్చిన మార్గరెట్ కజిన్స్ స్వరం రాయడంలో సాయపడ్డారు. బెంగాలీ పాట, ఐరిష్ చెయ్యి, తెలుగు ఊరు. ఎవరి జబాన్ ఎవరికీ అడ్డం రాలేదు.

మూడు రాష్ట్రాల సరిహద్దు ఊరు కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం వచ్చింది. తెలుగు, తమిళం, కన్నడం కలిసే ఆ గల్లీల్లో మన దక్కనీ నాలుగో గొంతు. 2022లో ఆంధ్రప్రదేశ్ ఉర్దూను రెండో అధికార భాషగా చట్టం చేసింది. మంచిదే. కానీ చట్టం దఫ్తర్లో బోర్డు మార్చగలదు, దస్తర్‌ఖాన్ మీద మాట మార్చలేదు. అక్కడ పిల్లలతో దక్కనీలో మాట్లాడాల్సింది మనమే. తెలుగు బాగా చదివించండి, ఇంట్లో "నక్కో"ను కూడా ఇజ్జత్‌తో ఉంచండి. రెండూ మన హక్కే.