కామాఠీపురా: మనవాళ్ల పేరు మోసిన పేట

మా బల్మూరు బడి హాజరుపట్టీలో ఒక పేరుకెదురుగా వారంపాటు గైర్హాజరు పడితే కారణం వెతకనవసరం లేదు. "బొంబాయి పోయిండు సార్" అని వెనుక బెంచీనుంచి ఎవడో ఒకడు చెబుతాడు. నల్లమల అంచున ఉన్న ఈ మెట్టపొలాల ఊళ్లకు బొంబాయి అంటే వానలు తప్పిన ఏడు పోయే చోటు. ఆ పోకడ రెండు వందల ఏళ్ల నాటిది. అందుకు ఆ నగరం నడిబొడ్డున ఒక పేటే సాక్ష్యం: కామాఠీపురా.

ఈ పేరు వినగానే చదువుకున్నవాడు ముఖం తిప్పుకుంటాడు. వ్యభిచారపు గల్లీలని తప్ప ఆయనకు మరేమీ తెలియదు. కాని కామాఠీలంటే నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుంచి వలసపోయిన కూలీలు. అది ఒక్క కులం పేరు కాదు, పనివాళ్ల పేరు. కమతానికీ ఈ మాటకూ చుట్టరికం ఉందని నాకనిపిస్తుంది. హైదరాబాదు పాతబస్తీలోనూ ఒక కామాటిపురా ఉంది.

బొంబాయి మొదట ఏడు దీవులు. వర్లీ దగ్గర పోటునీరు చొరబడే గండిని 18వ శతాబ్దం చివరలో హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్టతో మూశారు. వెనుక తేలిన బురదనేలలో కామాఠీలు గుడిసెలు వేసుకున్నారు. నగరానికి మెరకపోసినవాళ్లకు దక్కింది పల్లం!

వాళ్లలో కొందరు గుత్తేదారులై నిలదొక్కుకున్నారు. 1873లో జోతిరావు ఫూలే సత్యశోధక సమాజాన్ని స్థాపించినప్పుడు వ్యంకూ బాళూజీ కాలేవార్, రామయ్య వెంకయ్య అయ్యవారు వంటి బొంబాయి తెలుగువాళ్లు ఆయనకు అండగా నిలిచారు. 1881లో వీరేశలింగం రాజమండ్రిలో జరిపించిన వితంతు వివాహం నాకు ఎం.ఏ. చదువులో కంఠతా వచ్చింది. దానికి ఎనిమిదేళ్ల ముందటి ఈ మాట మాత్రం ఏ పాఠంలోనూ ఎదురుకాలేదు. సంస్కరణ మేడమీదనుంచే దిగివస్తుందని నమ్మిన పాఠ్యప్రణాళిక అది.

బ్రిటిష్ పాలకులు 1868 చట్టంతో వేశ్యలను పేర్లు నమోదుచేసి వైద్యపరీక్షలకు లాగారు. అధికారుల కనుసన్నలలోనే ఈ పేటలో ఆ వ్యాపారం స్థిరపడింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కూలీల గౌరవం నిలపాలని ఆ స్త్రీలను మచ్చగా తుడిచేయడం మరో అన్యాయం. జోగినీ ఆచారం పేరిట పాలమూరు పల్లెలనుంచి అమ్ముడుపోయిన ఆడపిల్లలూ ఆ గల్లీలకు చేరారు. ఆ మగవాళ్లను తరిమిన కరువే వీళ్లనూ తరిమింది.

పక్కనే పెరిగిన నామ్‌దేవ్ ఢసాల్ 1972లో 'గోల్‌పిఠా'తో మరాఠీ కవిత్వాన్ని కుదిపాడు. పేట పేరు మనది; దాని కవి మరాఠీవాడు. ఇప్పుడక్కడి పాత చాళ్లను కూల్చి పునర్నిర్మించే పథకాలు ముందుకొచ్చాయి.

మొన్న సెలవుల్లో ఒక విద్యార్థి తాత దగ్గర నోటుపుస్తకం పట్టుకుని కూర్చున్నాను. ఆయన గల్లీల నెంబర్లు వరుసగా చెప్పాడు, ఏ గల్లీలో ఏ ఊరివాళ్లుండేవారో చెప్పాడు. చెప్పిచెప్పి ఆగి, "ఇవి రాసుకుని ఏంజేస్తవు సారూ?" అన్నాడు. రాస్తూనే ఉన్నాను.