ముంగిటి చుక్కలు, మగ్గముపై గడులు

ముంగిటి ముగ్గు, లారీ వెనుకటి వ్రాత, అగ్గిపెట్టె బొమ్మ – ఇట్టి నిత్యజీవిత చిత్రములు నేడు యువకుల టీషర్టుల మీదికి ఎక్కుచున్నవి. ఇది క్రొత్త వేడుకయని కొందరి తలంపు. కాని చేనేత అంచులలోని రుద్రాక్ష, మామిడిపిందె, గుడిగోపురము మాత్రము ఎచ్చటివి? ఇంటిలోను వీధిలోను చూచినవే కదా.

ఆదోని జంఖానాలకు పూర్వమే పేరు కలదు. ఈ తాలూకా 1800లో నిజామునుండి ఇంగ్లీషు కంపెనీ వశమై, బళ్ళారి జిల్లాలో చేరి, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రమునకు వచ్చినది. ఎమ్మిగనూరును అప్పుడిందులోనిదే. ఏలికలు మారినను నల్లరేగడి ప్రత్తి మారలేదు, సాలెవాని బ్రదుకును మారలేదు. నూలు షావుకారుది, నమూనా షావుకారుది. కూలి మాత్రము నేతగానిది. 1876-78 నాటి ధాత కరవులో గింజల ధర పెరిగి, గుడ్డ కొనువారు లేక, అతడు రెండు విధముల చెడెను. అందుచేతనే 1938లో మాచాని సోమప్పగారు ఎమ్మిగనూరున స్థాపించిన చేనేత సహకార సంఘమును మేము ఘనకార్యముగా నెంచుచున్నాము. వారు పిమ్మట పద్మశ్రీ పురస్కారమును పొందిరి.

ఇక బొమ్మ సంగతి. చుక్కలు పెట్టనిదే ముగ్గు కుదరదు. గడుల కాగితము లేనిదే నేతబొమ్మ కుదరదు. నిలువు వరుస పడుగు, అడ్డు వరుస పేక. రంగు నింపిన గడివద్ద పడుగుపోగు పైకి లేవవలెను. డాబీతో పోగులను కొన్ని గుంపులుగానే ఎత్తవచ్చును గనుక చిన్న పువ్వులు, వజ్రపు గడులు మాత్రమే దిగును. 1804లో ఫ్రాన్సు దేశీయుడు జకార్డు రూపొందించిన సాధనములో పేకకొక అట్ట. రంధ్రమున్నచోట పోగు లేచును. అప్పుడును మెలికముగ్గు వంపు గడులలో మెట్లుమెట్లుగా విరుగును. ఆ మెట్లు కంటికి తగులకుండ దిద్దుటలోనే నమూనా గీయువాని నేర్పంతయు ఉన్నది.

టీషర్టుపై అచ్చొత్తువానికి ఈ చిక్కు లేదు. రంగుకొక జాలిచట్రముతో ఎట్టి వంపునైనను దించగలడు. ఈ సులువు మాకంత రుచింపదు. వయసు దోషము కాబోలు!

ఎమ్మిగనూరు సంఘమునకు నేడు వెనుకటి వెలుగు లేదు. కొన్ని రకముల గుడ్డలను చేనేతకే కేటాయించుచు 1985లో కేంద్రము చట్టము చేసినను, మరమగ్గము అవే గడులను తక్కువ వెలకు సంతకు తెచ్చుచున్నది.

టీషర్టు మెడలోపల కుట్టిన పట్టీపై వ్యాపారపు పేరుండును. సంఘపు గుడ్డపై సంఘముద్ర యుండును. గడుల కాగితముపై అంచు గీసినవాని పేరు మాత్రము గుడ్డపై నెచ్చటను ఉండదు. చుక్కలు పెట్టిన ఇల్లాలి పేరు అడుగువారే లేరు.